గేమ్ స్ట్రీమింగ్ మొదలుపెడుతున్నారా? కెమెరా కొనే ముందు ఇది చదవండి

గత దసరాకి ఖమ్మంలో మా అక్క వాళ్లింటికి వెళ్లాను. భోజనాలయ్యాక మేనల్లుడు ఫోన్‌లో ఒక లిస్టు చూపించాడు. 4కే వెబ్‌క్యామ్, రింగ్ లైట్, పెద్ద కండెన్సర్ మైక్, దానికో స్టాండు, గోడకి రంగురంగుల ఎల్‌ఈడీ స్ట్రిప్పులు. మొత్తం 38 వేలు. "మామయ్యా, ఇందులో ఏ బ్రాండ్ బెటరో చెప్పు చాలు" అన్నాడు.

ఆ 38 వేలు వాడు వేసవి సెలవుల్లో మొబైల్ షాపులో పనిచేసి, పండగ డబ్బులు కలిపి దాచుకున్నవి. బావకి ఈ గేముల సంగతి అసలు నచ్చదు. "నీ డబ్బులు నీ ఇష్టం, మళ్లీ నన్ను మాత్రం అడగొద్దు" అని ముందే చెప్పేశాడట. అంటే తప్పు వస్తువు కొంటే సరిదిద్దుకోడానికి రెండో ఛాన్స్ లేదు. అందుకే బ్రాండ్ల జోలికి పోకుండా, "అసలు నీ స్ట్రీమ్‌లో ప్రాబ్లెం ఏంట్రా?" అని అడిగాను. "క్వాలిటీ బాలేదు మామయ్యా, జనం రెండు నిమిషాల్లో వెళ్లిపోతున్నారు" అన్నాడు.

ఆ సాయంత్రం వాడు వాలరెంట్ ఆడుతూ యూట్యూబ్‌లో లైవ్ పెట్టాడు. నేను పక్క గదిలో కూర్చుని నా ఫోన్‌లో చూశాను. కాసేపటికోసారి వీడియో ఆగి గుండ్రంగా తిరుగుతోంది. వాడు వేగంగా తిరిగినప్పుడల్లా బొమ్మంతా గళ్లు గళ్లుగా విడిపోతోంది. మాటల వెనక ఫ్యాన్ హోరు, వంటింట్లో మిక్సీ. వాడి మొహం కనిపించే చిన్న బాక్స్ వైపు నేనొక్కసారి కూడా చూడలేదు. లిస్టులో ఉన్న ఒక్క వస్తువు కూడా ఈ సమస్యలు తీర్చేది కాదు.

ముందు తప్పు ఎక్కడుందో కనుక్కోండి

చాలామంది వాడే ఓబీఎస్ స్టూడియో ఉచిత సాఫ్ట్‌వేరే. అందులో డాక్స్ మెనూలో స్టాట్స్ అని ఒకటి ఉంటుంది. స్ట్రీమ్ నడుస్తున్నంతసేపూ దాన్ని తెరిచి పెట్టుకోండి. మూడు లెక్కలు చూడాలి.

నెట్‌వర్క్ వల్ల డ్రాప్ అయిన ఫ్రేములు పెరుగుతుంటే తప్పు మీ ఇంటర్నెట్‌ది. ఎన్‌కోడింగ్ లాగ్ వల్ల స్కిప్ అయినవి పెరుగుతుంటే మీ పీసీ వీడియోని అంత వేగంగా కుదించలేకపోతోంది. రెండరింగ్ లాగ్ వల్ల మిస్ అయినవి పెరుగుతుంటే గేమే గ్రాఫిక్స్ కార్డుని మొత్తం తినేస్తోంది, ఓబీఎస్‌కి ఏమీ మిగలట్లేదు.

మావాడికి మొదటి లెక్క ఎర్రగా ఉంది, మిగతా రెండూ దాదాపు సున్నా. అంటే పీసీ బాగానే ఉంది, నెట్ దగ్గరే దెబ్బ.

చూడాల్సింది అప్‌లోడ్ స్పీడ్

వాడి ప్లాన్ 100 ఎంబీపీఎస్ అని గొప్పగా చెప్పాడు. అది డౌన్‌లోడ్ స్పీడు. స్ట్రీమింగ్‌లో మనం పంపేవాళ్లం కాబట్టి కావాల్సింది అప్‌లోడ్. సాయంత్రం వాడు లైవ్ పెట్టే టైముకే నాలుగైదు సార్లు టెస్ట్ చేశాం. రెండు గోడల అవతలి నుంచి వచ్చే వైఫైలో 3 నుంచి 9 ఎంబీపీఎస్ మధ్య ఊగుతోంది. రౌటర్ నుంచి ల్యాన్ కేబుల్ లాగితే నిలకడగా 9 వచ్చింది. వాడేమో ఓబీఎస్‌లో బిట్‌రేట్ 8,000 కేబీపీఎస్ పెట్టుకున్నాడు. సన్న పైపులోంచి బోరు నీళ్లన్నీ పంపాలని చూసినట్టు!

నేను పాటించే లెక్క ఒకటే. మీరు లైవ్ పెట్టే టైములో వచ్చే అప్‌లోడ్‌లో తక్కువ అంకె తీసుకోండి, అందులో మూడింట రెండు వంతులు దాటకుండా బిట్‌రేట్ పెట్టుకోండి. మిగిలింది గేముకి, ఇంట్లో వాళ్ల ఫోన్లకి.

మొబైల్ హాట్‌స్పాట్‌తో నడిపిద్దాం అనుకునేవాళ్లు ఇది కూడా చూసుకోండి. 5,000 కేబీపీఎస్ అంటే గంటకి సుమారు 2.25 జీబీ. రోజుకి 2 జీబీ ప్యాక్ గంట కూడా రాదు.

1080పీ మోజు వద్దు

ఇక్కడ మావాడు కాస్త అలిగాడు. "720పీ పెడితే జనం నవ్వుతారు మామయ్యా" అన్నాడు. లెక్క వేసి చూపించాను. 1080పీలో సెకనుకి 60 ఫ్రేములంటే దాదాపు 12.4 కోట్ల పిక్సెల్స్ పంపాలి. 720పీలో అదే 60 ఫ్రేములకి 5.5 కోట్లు. ఉన్న బిట్‌రేట్ మారనప్పుడు 1080పీలో ఒక్కో పిక్సెల్‌కి దక్కేది సగం కంటే తక్కువ. వాలరెంట్ లాంటి స్పీడు గేముల్లో గళ్లు కనిపించడానికి కారణం ఇదే.

ట్విచ్ తన గైడ్‌లో 1080పీ 60కి 6,000, 720పీ 60కి 4,500 కేబీపీఎస్ చెబుతుంది. యూట్యూబ్ ఇంకా ఎక్కువ అడుగుతుంది. హెచ్.264లో 1080పీ 60కి 12 ఎంబీపీఎస్, 720పీ 60కి 6. అప్‌లోడే 9 ఉన్నవాడు 12 ఎక్కణ్ణుంచి తెస్తాడు?

చివరికి 720పీ, 60 ఫ్రేములు, 5,000 కేబీపీఎస్ పెట్టాం. రేట్ కంట్రోల్ సీబీఆర్, కీఫ్రేమ్ గ్యాప్ 2 సెకన్లు. యూట్యూబ్ బిట్‌రేట్ తక్కువగా ఉందని హెచ్చరిక చూపించినా కంగారు పడొద్దన్నాను. మళ్లీ పక్క గదిలోంచి ఫోన్‌లో చూశాను. ముందుకంటే శుభ్రంగా ఉంది, గంటలో ఒక్కసారి కూడా ఆగలేదు. వాడి ప్రేక్షకుల్లో ఎక్కువమంది చూసేదీ ఫోన్‌లోనే.

మీకు ఫైబర్‌లో 30, 40 ఎంబీపీఎస్ అప్‌లోడ్ నిలకడగా వస్తే 1080పీ హాయిగా పెట్టుకోండి. చెస్ లాంటి నిదానమైన గేములైతే తక్కువ బిట్‌రేట్‌లో కూడా 1080పీ బాగుంటుంది, 30 ఫ్రేములు చాలు.

పీసీ మార్చాలా?

వాడి దగ్గరున్నది జీటీఎక్స్ 1660 సూపర్, 16 జీబీ ర్యామ్. కొత్త కార్డు అక్కర్లేదు. ఎన్‌విడియా కార్డుల్లో వీడియో కుదించడానికే విడిగా ఒక భాగం ఉంటుంది, దాన్ని ఎన్‌వెంక్ అంటారు. ఓబీఎస్ అవుట్‌పుట్ సెట్టింగ్స్‌లో ఎక్స్264 బదులు అది ఎంచుకుంటే ప్రాసెసర్ మీద భారం బాగా తగ్గుతుంది. ఏఎండీ, ఇంటెల్ గ్రాఫిక్స్‌లో కూడా ఇలాంటిదే ఉంటుంది. రెండరింగ్ లాగ్ వస్తుంటే గేములో ఫ్రేములకి లిమిట్ పెట్టి చూడండి. క్యాప్చర్ కార్డు కన్సోల్ వాళ్లకి, రెండు పీసీలు వాడేవాళ్లకి మాత్రమే. ఒక్క పీసీ ఉన్నవాళ్లు దాని మీద రూపాయి పెట్టొద్దు.

డబ్బు పెట్టాల్సింది మైక్ మీద

బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా జనం చూస్తారు, మాట వినపడకపోతే కూర్చోరు. అలాగని ఖరీదైనది కొనేయక్కర్లేదు. కండెన్సర్ మైక్ గదిలో ప్రతి చప్పుడూ పట్టేస్తుంది. నేనే మొదట్లో ఒకటి కొని, రివ్యూ వీడియోలో మా పక్కింటి కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టుకునే పరిస్థితి తెచ్చుకున్నాను. ఫ్యాన్ లేకుండా కూర్చోలేని మన ఇళ్లకి డైనమిక్ మైక్ నయం. నోటికి బెత్తెడు దూరంలో పెట్టుకుని మాట్లాడాలి. ఓబీఎస్‌లో నాయిస్ సప్రెషన్ ఫిల్టర్ ఆన్ చేయండి. మాట్లాడేటప్పుడు మీటర్ పసుపు రంగులో ఆడేలా చూసుకోండి. గేమ్ సౌండ్ దానికంటే కిందే ఉండాలి. వెనకాల సినిమా పాటలు మాత్రం పెట్టకండి, కాపీరైట్ క్లెయిమ్ పడుతుంది.

చివరికి ఎంతయింది?

యూఎస్‌బీ డైనమిక్ మైక్ సుమారు 5 వేలు. 15 మీటర్ల ల్యాన్ కేబుల్ 500. కరెంటు పోయినా నెట్ పోకుండా రౌటర్‌కి చిన్న యూపీఎస్ 1,500. మొత్తం 7 వేలు. పీసీకి యూపీఎస్ ముందే ఉంది. వెబ్‌క్యామ్ పాతదే. టేబుల్ లైటుని మొహం వైపు తిప్పితే అదే బాగా కనిపించింది.

సబ్‌స్క్రైబర్లు రాత్రికి రాత్రి పెరిగిపోయారని చెప్పను, పెరగలేదు. కానీ వచ్చినవాళ్లు కాసేపు ఉంటున్నారు, మాట్లాడుతున్నారు. మొన్న అక్క ఫోన్ చేసినప్పుడు ఒక మాట చెప్పింది. బావ షాపులో ఖాళీగా ఉన్నప్పుడు వాడి లైవ్ పెట్టుకుని చూస్తున్నాడట. ఆట ఏమీ అర్థం కాదుగానీ, "వాడు మాట్లాడేది స్పష్టంగా వినపడుతోందే" అన్నాడట.

మిగిలిన 31 వేలు బ్యాంకులోనే ఉన్నాయి. వారానికి మూడు రోజుల చొప్పున ఆరు నెలలు ఆపకుండా లైవ్ చేస్తే, అప్పుడు కెమెరా సంగతి చూద్దామని వాడూ నేనూ ఒప్పందం చేసుకున్నాం. మీరు కూడా కార్ట్‌లో పెట్టిన లిస్టుని ఒక్క వారం అలాగే వదిలేయండి. ముందు సాయంత్రం పూట అప్‌లోడ్ టెస్ట్ చేసి, అన్‌లిస్టెడ్‌గా ఒక గంట లైవ్ పెట్టి, స్టాట్స్ చూడండి. ఏది కొనాలో ఆ మూడు అంకెలే చెబుతాయి.