ఒక ఆజ్ఞ, పలువురు వార్తాహరులు

ధవళేశ్వరము దాటిన పిమ్మట గోదావరి గౌతమి, వశిష్ఠ అను పాయలుగా చీలును. వశిష్ఠనుండి వైనతేయ వేరుపడును. ఈ పాయల నడుమనున్న కోనసీమకు సిరియు నదివలననే, భయమును నదివలననే. 1982 లో పూర్తియైన సర్ ఆర్థర్ కాటన్ బ్యారేజి వద్ద నీటిమట్టము 11.75 అడుగులకు చేరినప్పుడు మొదటి ప్రమాద హెచ్చరికను, 13.75 అడుగులకు రెండవదానిని, 17.75 అడుగులకు మూడవదానిని ప్రకటింతురు. మొదటి హెచ్చరిక నాటికి దిగువకు పోవు నీరు సెకనుకు సుమారు 10 లక్షల ఘనపుటడుగులు; మూడవదాని నాటికి 17 లక్షలు. ఈ ప్రవాహము 1986 ఆగస్టులో 35 లక్షలకు చేరినది. 2022 జూలైలో సుమారు 25 లక్షలకు పెరిగి లంకగ్రామములను ముంచినది.

బ్యారేజి వద్ద కొలబద్దను చూచి అంకె వ్రాసికొనుట ఒక పని. ఆ అంకెను లంకలోని రైతు చెవిని వేయుట వేరొక పని. రైతు పశువులను గట్టునకు తోలుకొనవలెనన్నను, పడవ దొరకవలెనన్నను, ముందు వార్త అందవలెను గదా!

పూర్వము ఊరిలో టముకు వేయు మనిషి యొక్కడే వార్తాహరుడు. నేడు దారులు పెక్కు. ఒకరు ఎస్.ఎం.ఎస్. చూతురు, ఒకరు ఈ-మెయిల్ చూతురు, మరియొకరు టెలిగ్రామ్ మాత్రమే తెరతురు. హెచ్చరిక పంపు ఉద్యోగి ఒక్కొక్కదానిని తెరచి అదే మాటను పదిమార్లు టైపు చేసినచో రెండు చిక్కులు కలుగును. మొదటిది, విలువైన కాలము పోవును. రెండవది, పదింటిలో ఎక్కడనో ఒకచోట 13.75 నకు బదులు 17.75 అని పడవచ్చును. అప్పుడు రెండు గ్రామములకు రెండు వార్తలు అందును. కావున మాటను ఒక్కసారియే వ్రాసి, ఒకే ఆజ్ఞతో అన్ని దారులకు పంపు సాధనము కావలెను. అట్టి సాధనములు కలవు.

కంప్యూటరుతో పని చేయించుటకు రెండు పద్ధతులున్నవి. తెరపైని బొమ్మలను తాకుట ఒకటి. ఆజ్ఞను అక్షరములలో ఒక వరుసగా టైపు చేయుట రెండవది. ఈ రెండవదానినే కమాండ్ లైన్ అందురు. దీని ముఖ్యలాభమేమనగా, మనిషి టైపు చేయు ఆజ్ఞనే వేరొక ప్రోగ్రాము కూడ ఈయగలదు. నీటిమట్టమును కొలుచు ప్రోగ్రాము 11.75 అను అంకెను చూచినంతనే, అర్ధరాత్రియైనను ఎవరిని నిద్ర లేపకుండ, హెచ్చరిక ఆజ్ఞను తానే ఈయవచ్చును.

ఈ ఆలోచన క్రొత్తది కాదు. యూనిక్స్ యంత్రములలో ‘వాల్’ అను ఆజ్ఞ చాలకాలమునుండి యున్నది. ఆ యంత్రముపై అప్పుడు పని చేయుచున్న వారందరి తెరలపైన ఒకే ప్రకటనను అది చూపును. అయితే దాని పరిధి ఆ యొక్క యంత్రమే. ఊరూర నున్న ఫోనులకు వార్త చేరవలెనన్న వేరు ఉపాయము కావలెను.

ఇందుకు ‘అప్రైజ్’ అను ఉచిత సాధనమును ఉదాహరణముగా గైకొందము. ఇది పైథాన్ భాషలో వ్రాయబడినది. దీని ఆజ్ఞలో నాలుగు భాగములుండును: సాధనము పేరు, వార్త శీర్షిక, వార్త, పంపవలసిన చిరునామాలు. చిరునామా మొదటనుండు మాటనుబట్టి అది ఈ-మెయిలో, టెలిగ్రామో, మరియొకటియో సాధనము గుర్తించును. ఒక్కొక్క సర్వీసు వార్తను ఒక్కొక్క తీరున కోరును గనుక, సాధనము దుబాసీవలె నడుమ నిలిచి ఒకే మాటను ఎవరి తీరున వారికి అందించును. నూటికి మించిన సర్వీసులతో అది ఇట్లు మాటలాడగలదు.

చిరునామాలను ప్రతిమారు టైపు చేయనక్కరలేదు. ఒక ఫైలులో వ్రాసి, వానికి అమలాపురము, రాజోలు, కొత్తపేట అని గుర్తులు తగిలించిన చాలును. రాజోలు వారికి మాత్రము పంపదలచినచో ఆ గుర్తును పేర్కొనవలెను. ఈ ఫైలును బీరువా తాళపుచెవివలె కాపాడుకొనవలెను. అందులో ఆయా సర్వీసుల రహస్యసంకేతము లుండును గనుక, అది చేజిక్కినవాడు కార్యాలయము పేరనే తప్పుడు హెచ్చరిక పంపగలడు.

ఆజ్ఞ ముగియగానే కంప్యూటరు ఒక అంకెను తిరిగి యిచ్చును. సున్న అయినచో పని జరిగినదని అర్థము. పది దారులలో ఒక్కటి చెడినను సున్న రాదు. అప్పుడు ఏ దారి చెడినదో చూచి, ఆ దారికే మరల పంపవలెను. అందరికి మరల పంపినచో, నీరు ఇంకను పెరిగినదని ప్రజలు భ్రమపడుదురు. అందువలన ప్రతి హెచ్చరికకు వరుస సంఖ్య, వేళ, నీటిమట్టము తప్పక యుండవలెను.

ఇక్కడ ఒక భ్రమను తొలగించుకొనవలెను. సున్న వచ్చినదనగా సర్వీసు వార్తను స్వీకరించినదని మాత్రమే. రైతు ఫోనును చేరినదనియు, అతడు చదివెననియు దానివలన తెలియదు.

దారులు పెక్కైనంత మాత్రమున భద్రత పెరుగునా? ఒక్కొక్క దారి పదిసార్లలో ఒకసారి చెడుననుకొందము. ఒకదానితో నొకటి సంబంధము లేని మూడు దారులున్నచో, మూడును ఒకేసారి చెడుట వేయింటిలో ఒక్కసారియే. కాని ఎస్.ఎం.ఎస్., ఈ-మెయిల్, టెలిగ్రామ్ మూడును ఒకే టవరుమీదుగా వచ్చుచున్నచో, టవరు పడిననాడు మూడును కలిసియే పోవును. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను తాకిన తుపానులో వందలాది మంది మరణించిరి. విద్యుత్ స్తంభములు, టెలిఫోను తీగలు నేలకూలినవి. అట్టి రాత్రి పనికివచ్చునది బ్యాటరీ రేడియో, చేతితో త్రిప్పు సైరను, గట్టుమీద నడచిపోవు మనిషి.

ప్రభుత్వములు ఈ సూత్రమునే పెద్ద యెత్తున అనుసరించుచున్నవి. హెచ్చరికలకు ఒకే నమూనా యుండవలెనని 2004 లో కామన్ అలర్టింగ్ ప్రొటోకాల్ అను ప్రమాణము వెలువడినది. అందులో హెచ్చరిక గుర్తుసంఖ్య, ప్రాంతము, తీవ్రత, తొందర, నిశ్చయత అను గడులుండును. ఒకే హెచ్చరికను పలు భాషలలో చేర్చవచ్చును. ముందు పంపినదానిని సవరించవచ్చును, రద్దు చేయవచ్చును. మన దేశమున జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ వారి ‘సచేత్’ ఈ ప్రమాణముపైననే నిర్మింపబడినది. 2023 లో దేశమున సెల్ బ్రాడ్‌కాస్ట్ పరీక్షలు జరిగినవి. ఇందులో నంబరు వెంట నంబరుగా వార్త పంపనక్కరలేదు. టవరు తన పరిధిలోని ఫోనులన్నిటికి ఒక్కసారిగా చాటును. ఇది టముకు పద్ధతియే గదా!

కావున ఇట్టి ఏర్పాటు చేయువారు వాన కురియని దినముననే దానిని పరీక్షించి చూడవలెను. పరీక్ష అని స్పష్టముగా వ్రాసి ఒక వార్త పంపి, ప్రతి లంకలోను ఒకరు ‘అందినది’ అని బదులు చెప్పునట్లు చేయవలెను. బదులు రాని లంక ఏదో తెలిసికొని, అక్కడికి వేరొక దారి వెదకుటకు వరద రాకముందే వ్యవధి యుండును.