వెయిట్ గ్రాఫ్ ఆగిపోతే స్కేల్‌ని తిట్టకండి

స్లీవ్ సర్జరీ అయిన ఆరో నెలలో నా స్మార్ట్ స్కేల్ 94.6 దగ్గర ఆగిపోయింది. మూడు వారాలుగా అదే అంకె. బ్యాటరీలు మార్చా, యాప్ తీసేసి మళ్లీ వేశా, స్కేల్‌ని వేరే గదిలో పెట్టి చూశా. దానికేం కాలేదు. సర్జరీ ఈఎంఐలేమో ఇంకా నడుస్తున్నాయి, నిద్ర పట్టేది కాదు.

ఈ సర్జరీలో పొట్టని దాదాపు 75-80 శాతం తీసేస్తారు. అయినా బరువు మధ్యలో ఆగడం మామూలేనట. ఒళ్లు తగ్గేకొద్దీ అది ఖర్చు చేసే కేలరీలూ తగ్గిపోతాయి.

అసలు తప్పు నా బ్యాండ్ యాప్‌లో దొరికింది. ప్రొఫైల్‌లో నా బరువు ఇంకా 128 కిలోలే! ఆ లెక్కన నడిచిన ప్రతిసారీ కేలరీలు ఎక్కువ చూపిస్తోంది, అది నమ్మి నేను సాయంత్రం మిక్చర్ లాగించేస్తున్నా. చిన్న పొట్టలోనూ మిక్చర్ సులువుగా జారిపోతుంది మరి.

స్కేల్ చూపించే ఫ్యాట్ శాతాన్నీ మరీ నమ్మొద్దు. పాదాల గుండా సన్నటి కరెంట్ పంపి వేసే అంచనా అది. ఒంట్లో నీళ్లు ఎక్కువైనా తక్కువైనా మారిపోతుంది. (పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఆ ఫీచర్ జోలికే పోకూడదు.)

డైటీషియన్ నా గ్రాఫులు చూడనేలేదు. "ప్రోటీన్ ఎంత తింటున్నావ్?" అన్నారు. కనీసం 60 గ్రాములు కావాలి, నాది 40 దాటట్లేదు. ఇప్పుడు ముందు గుడ్లు, పనీర్. చోటుంటేనే అన్నం. వారానికి మూడు రోజులు డంబెల్స్. బరువుకి రోజువారీ అంకె కాదు, వారం సగటు చూస్తున్నా. దాంతోపాటు టేపుతో నడుము కొలత.

నిన్నటి సగటు 94.1. నడుము మాత్రం రెండు అంగుళాలు తగ్గింది.