చేప కడుపులోని పురుగు పేరేమిటి?

జమ్మలమడుగు, ప్రొద్దుటూరు పక్కగా పారే పెన్నానది నెల్లూరు జిల్లాలో సముద్రాన్ని చేరుతుంది. పులివెందుల ప్రాంతానికి నీరిచ్చే చిత్రావతి కూడా ఈ పెన్నలోనే కలుస్తుంది. మీ ఊళ్ళకు సముద్రం దూరమే కావచ్చు. అయినా ఏటిలోని వాలుగకూ, సముద్రంలోని కానగర్తకూ ఒకే తరహా చుట్టాలున్నారు. పిలవకుండా వచ్చి, లోపలే ఉండి, అక్కడే తినే చుట్టాలు! వీటినే పరాన్నజీవులంటారు. వాటిలో చదును పురుగులది పెద్ద గుంపు.

వీటి శరీరం ఆకులాగానో, రిబ్బనులాగానో పలచగా ఉంటుంది. కొన్ని కొక్కేలతో మొప్పలను పట్టుకొంటాయి. కొన్ని చూషకాలతో పేగుకు అతుక్కొంటాయి. బద్దెపురుగులు కూడా ఈ వర్గానివే. చాలావాటి పొడవు కొద్ది మిల్లీమీటర్లే. చేప బాగా ఉడికితే ఇవి చచ్చిపోతాయి కనుక కూర తినటానికి భయపడకండి.

మరి వీటికి పేర్లెలా పెడతారు? పురుగును గాజుపలకపై పరచి, కార్మైన్ రంగు పట్టించి, సూక్ష్మదర్శినిలో చూస్తారు. చూషకం ఎంత పెద్దది, అండాశయం ఎక్కడుంది అని కొలుస్తారు. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన ఆర్. మాధవి బంగాళాఖాతపు చేపల్లోని పురుగులను ఇలాగే ఏళ్ళ తరబడి పరిశీలించారు. 2018లో లండన్ శాస్త్రజ్ఞుడు రాడ్నీ బ్రేతో కలిసి భారత సముద్ర చేపల్లోని ఈ పురుగులపై పెద్ద గ్రంథమే వెలువరించారు.

అయితే ఆకారాన్ని నమ్ముకొంటే రెండు చిక్కులున్నాయి. ఈ పురుగుల్లో చాలావాటి బాల్యం నత్తలో గడుస్తుంది. అక్కడ కనిపించే తోక డింభకానికీ, చేప పేగులోని పెద్ద పురుగుకూ పోలికే ఉండదు. కప్పనెన్నడూ చూడనివాడికి తోకకప్పను చూపి పేరడిగినట్లే! ఇక రెండో చిక్కు దీనికి తలకిందులు. అచ్చం ఒకేలా కనిపించేవి వేరువేరు జాతులై ఉంటాయి.

ఇక్కడే డి.ఎన్.ఎ. అక్కరకు వస్తుంది. ఎ, టి, జి, సి అనే నాలుగు క్షారాలతో రాసిన పొడవాటి రాత అది. డింభకంలోనూ, ముదురు పురుగులోనూ రాత ఒక్కటే. పురుగును ఫార్మలిన్‌లో వేస్తే ఈ రాత చెడిపోతుంది కనుక ఆల్కహాలులో భద్రపరుస్తారు. తర్వాత చిన్న ముక్క నుంచి డి.ఎన్.ఎ.ను వేరుచేస్తారు. అది చదవటానికి చాలనంత కొద్దిగా ఉంటుంది. అందుకని 1983లో అమెరికాలో కారీ మల్లిస్ ఆలోచించిన పద్ధతితో ఎంచుకొన్న భాగాన్ని మళ్ళీ మళ్ళీ రెట్టింపు చేస్తారు. ఒకటి రెండు, రెండు నాలుగు, ఇలా 30 సార్లు లెక్క వేసి చూడండి. నూరు కోట్లు దాటుతుంది! అప్పుడు అక్షరాల వరుసను చదివి, ఇతర పురుగుల వరుసలతో పక్కపక్కన పెట్టి పోలుస్తారు. తేడాలు తక్కువైతే దగ్గరి చుట్టాలు, ఎక్కువైతే దూరపు చుట్టాలు అన్నమాట.

ఫలితాలు చిత్రంగా ఉంటాయి. పొలుసుల కింద నివసించే ట్రాన్స్‌వెర్సోట్రెమా అనే పురుగులున్నాయి. వాటిలో ఒక జాతినీ, దానికి దగ్గరివాటినీ ఆస్ట్రేలియా పరిశోధకులు ఆకారంతో పాటు డి.ఎన్.ఎ.తోనూ పరీక్షించారు. 2012లో ఏకంగా పది కొత్త జాతులు బయటపడ్డాయి!

నత్తలోని డింభకం రాత, చేపలోని పురుగు రాత సరిపోలితే ఆ పురుగు ఏ నత్త ద్వారా వచ్చిందో తేలిపోతుంది. చేపల చెరువు పెంచే రైతుకు ఇది చాలా ముఖ్యం. ఏ నత్తను అదుపులో ఉంచాలో తెలియాలి కదా! కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయంలోనూ చేపల పరాన్నజీవులపై పరిశోధనలు జరిగాయి.

ఇక సూక్ష్మదర్శినితో పనిలేదనుకొంటే మాత్రం పొరపాటు. పోల్చటానికి పేరు తెలిసిన పురుగు రాత ముందే ఉండాలి. అది లేకపోతే డి.ఎన్.ఎ. "ఇది వేరే" అంటుందే గాని పేరు చెప్పదు. అందుకే నేటి పరిశోధకులు పురుగులో ఒక ముక్కను మాత్రమే డి.ఎన్.ఎ. కోసం కోస్తారు. మిగిలినదానికి రంగు వేసి, గాజుపలకపై అతికించి మ్యూజియంలో దాచిపెడతారు.