వసంతమున మంచుకొండల భయము

చలికాలము గడచినతోడనే మంచుకొండలయందలి భయము తీఱిపోవునని మైదానవాసులమగు మన మనుకొందుము. అది సరికాదు. 2021 ఏప్రిల్ 23వ తేదీని ఉత్తరాఖండమున చమోలీ జిల్లాలోని సుమ్నావద్ద బాటపనివారి మకాముపై మంచుచరియ విఱిగిపడి పదిమందికి పైగా మరణించిరి. 2023 ఏప్రిల్ 4వ తేదీని సిక్కిమునందు నాథూలా కనుమబాటపై ఏడుగురు విహారయాత్రికులు అట్లే ప్రాణములు కోల్పోయిరి.

చలికాలమున మంచురేణువు లొకదానినొకటి పట్టుకొనియుండును. వసంతమున ఎండ తీక్షణమై పైపొర కరగి, నీరు లోనికి దిగును. పైనుండి నేలవఱకు మంచంతయు సున్న డిగ్రీలకు వచ్చినపిమ్మట ఆ పట్టు సడలును. దిగిన నీరు లోపలి గట్టిపొరమీదనో, నున్నని రాతిమీదనో నిలిచి, పైభారము జాఱుటకు త్రోవచేయును. 30 మొదలు 45 డిగ్రీల వాలులయందు ఈ యపాయము మెండు. తడిమంచు పొడిమంచువలె వేగముగా పరుగిడదు. కాని దాని బరువు మిక్కిలి. నిలిచినంతనే గచ్చువలె బిగిసిపోవును. దానిలో చిక్కినవాడు చేయి కదపజాలడు.

కావున మొదట విచారింపవలసినది గతరాత్రి యెట్లు గడచెననుట. ఆకాశము నిర్మలమై చలి బాగుగా పట్టినచో పైపొర గడ్డకట్టి, ఉదయమున మనుష్యుని మోయును. మబ్బు క్రమ్మినను, వాన కురిసినను మంచు మరల గడ్డకట్టదు. అట్టి దినమున ఉదయముననే యపాయ మారంభమగును. నిర్మలదినములందును ఎండ మొదట తూర్పు వాలులను, పిదప దక్షిణపు వాలులను, తుదకు పడమటి వాలులను మెత్తపఱచును. చీలమండ దాటి కాలు దిగబడినను, మంచు ఉండలు తమంత దొరలినను, పిడికిట పిండిన మంచునుండి నీరు కాఱినను వెనుదిరుగుటయే యుక్తము.

ఈ విద్య మనదేశమున లేనిది కాదు. 1969లో మనాలియందు వెలసిన హిమపరిశోధనశాల కార్యమును నేడు చండీగఢునందలి రక్షణశాఖ సంస్థ నిర్వహించుచు అపాయసూచనలు ప్రకటించుచున్నది. 2025 ఫిబ్రవరి 28వ తేదీని బదరీనాథ సమీపమున మాణావద్ద ఎనమండుగురు పనివారు చరియపాలైరి. అది చలికాలపు చరియయే. అయినను ముందునాడే సూచన వెలువడియుండెను. మకామున నిదురించు కూలివానికి వాని భాషలో చేరి, వానిని వేఱొకచోటికి తరలింపని సూచన యెవరికి ప్రయోజనము?

వైశాఖమున కేదార బదరీ యాత్రలకు మనవారనేకులు తరలుచున్నారు. వారు మంచువాలులను ప్రొద్దెక్కకముందే దాటవలయును, ఆగుమన్నచోట ఆగవలయును. బాట వేయుటయందు చూపు శ్రద్ధను, ఆ బాట వేయువాడు రాత్రి తలదాచుకొను చోటు నిర్ణయించుటయందును ప్రభుత్వము చూపుగాక యని మేము కోరుచున్నాము.