సన్నని సెగ మీద మాంసరసం

ఆయుర్వేద వైద్యుడనగానే పెసరకట్టు, చారన్నం, పాతచింతకాయ పచ్చడి తప్ప మరొకటి చెప్పడని మన గృహిణులలో ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. నేను పుట్టుకతో శాకాహారిని. మా ఇంటి పొయ్యి మీద నేటివరకు మాంసం ఉడకలేదు. అయినప్పటికీ గురుకులంలో చరకసంహిత సూత్రస్థానంలోని అన్నపానవిధి అధ్యాయం పాఠం జరిగినప్పుడు మా గురువుగారు మాంసవర్గాన్ని దాటవేయనివ్వలేదు. నేను ముఖం చిట్లిస్తే, "తినేది నీవు కాదు, రోగి. వల్లెవేయి" అన్నారు. కృశించినవారికి, దీర్ఘరోగం నుండి తేరుకొనేవారికి, బలమూ స్వరమూ క్షీణించినవారికి మాంసరసం హితమని శాస్త్రం స్పష్టంగా చెప్పింది. అందునా మేకమాంసం అతిశీతమూ, అతిగురువూ, అతిస్నిగ్ధమూ కానిదనీ, మానవ శరీరధాతువులకు సమీపమైనదనీ చరకుని అభిప్రాయం.

ఈ పాఠం నాకు నిరుడు మాఘమాసంలో మరల గుర్తుకు వచ్చింది. నా బాల్యమిత్రుడు, విశ్రాంత ఉపాధ్యాయుడు, న్యుమోనియాతో పద్దెనిమిది రోజులు ఆస్పత్రిలో ఉండి ఇంటికి వచ్చాడు. అరవై ఒక్క కిలోల మనిషి ఏబది కిలోలకు దిగిపోయాడు. డల్లాస్‌లో ఉంటున్న కుమార్తె సెలవు పెట్టి వచ్చింది. వస్తూ అక్కడ తాను నిత్యం వాడే స్లో కుక్కర్‌ను వెంట తెచ్చింది. ఆ దేశపు విద్యుత్తు 120 వోల్టులు, మనది 230. అందుచేత బజారులో ఒక బరువైన ట్రాన్స్‌ఫార్మరు కూడా కొనవలసి వచ్చింది. ఇంత శ్రమపడి ఆ అమ్మాయి మాంసం, బంగాళాదుంపలు, మీగడ, చీజు వేసి చిక్కని సూపు చేసి తండ్రికి పెద్ద గిన్నెడు తాగించింది.

ఆ రాత్రి ఆయనకు కడుపు ఉబ్బి నాలుగు విరేచనాలయ్యాయి. తెల్లవారి నాకు ఫోను వచ్చింది. "బాబాయిగారూ, నాన్నగారు ఇక నాకేమీ పెట్టవద్దంటున్నారు. మంచినీళ్ళు కూడా తోసేస్తున్నారు. మీరొకసారి వస్తారా?" అంటూ గొంతు పూడుకుపోయింది. అసలే శుష్కించిన వృద్ధుడు ఆహారం మీద విరక్తి పెంచుకుంటే ఫలితం ఏమిటో వైద్యులకు తెలియనిది కాదు. వెంటనే బయలుదేరాను.

నాలుక మీద తెల్లని పూత ఉన్నది. కడుపు బిగిసి ఉన్నది. జ్వరం లేదు, పాదాలలో వాపు లేదు. ఆస్పత్రివారిచ్చిన రక్తపరీక్ష కాగితాలు తెప్పించి క్రియాటినిన్ సంఖ్య చూశాను. సాధారణంగానే ఉన్నది. నాడి చూసే వైద్యుడికి ఆ కాగితాలతో పనేమిటని పాఠకులు అనుకోవచ్చు. సుమారు ముప్పై సంవత్సరాల క్రితం, బాగా చిక్కిపోయిన ఒక రైతుకు నేను ధైర్యంగా మాంసరసం విధించాను. అతని చిక్కుదలకు మూలం మూత్రపిండాల వ్యాధి అని నేను గ్రహించలేదు. మూడు వారాలలో అతని ముఖం, కాళ్ళు వాచి, పట్నంలోని ఆస్పత్రికి తరలించవలసి వచ్చింది. అతడు బ్రతికాడు గానీ అందులో నా గొప్ప ఏమీ లేదు. నాటి నుండి మూత్రపిండాల స్థితి తెలియకుండా నేను ఎవరికీ మాంసరసం చెప్పను.

మా మిత్రుని విషయంలో దోషం సూపులో లేదు, ఆ కుక్కర్‌లోనూ లేదు. దోషం క్రమంలో ఉన్నది. శోధన చికిత్స అనంతరం రోగికి ముందుగా పేయ, అనగా పలుచని బియ్యపు జావ, పిమ్మట చిక్కని జావయైన విలేపి, ఆ తరువాత పప్పుకట్టు, చివరకు మాంసరసం ఇవ్వాలని శాస్త్రం ఒక మెట్లవరుస ఏర్పరచింది. జఠరాగ్ని మందగించిన ప్రతివారికీ ఈ వరుస అన్వయిస్తుంది. నివురుగప్పిన నిప్పు మీద ఒక్కసారిగా పెద్ద మొద్దు వేస్తే నిప్పే ఆరిపోతుంది. అయితే కొందరు పథ్యం పేరిట రోగిని వారాల తరబడి జావ మీదనే ఉంచుతారు. అది కూడా తప్పే. కండ కరిగిన వృద్ధునికి మాంసకృత్తులు అందకపోతే లేచి నడవలేడు. మా మిత్రునికి రెండు రోజులు జావ, రెండు రోజులు శొంఠి వేసిన పెసరకట్టు ఇప్పించాను. ఆస్పత్రివారిచ్చిన మందులు మాత్రం ఒక్కటీ మాన్పించలేదు. ఐదవనాడు ఆకలి అని తానే నోరు తెరిచి అడిగాడు. అప్పుడు ఆ అమ్మాయిని పిలిచి, "ఇక నీ పాత్ర బయటకు తీయి తల్లీ" అన్నాను.

ఆ పాత్రను చూడగానే నాకు మా అమ్మమ్మగారి ఇంటి పెరటిలోని దాలిగుంట గుర్తుకు వచ్చింది. పిడకల సెగ మీద ఉదయం పెట్టిన పాలు సాయంకాలానికి ఎర్రగా కాగి, అరచేతి మందాన మీగడ కట్టేవి. దాలి చేసే పనినే ఈ పాత్ర విద్యుత్తుతో చేస్తుంది. దీని పుట్టుక కూడా అటువంటిదే. అమెరికాలోని షికాగో నగరవాసి ఇర్వింగ్ నాక్సన్ దీనికి 1940లో పేటెంటు పొందాడు. యూదులు విశ్రాంతి దినమైన శనివారం నిప్పు రాజేయరు. అందుచేత శుక్రవారం సాయంకాలమే మాంసం, దుంపలు, గింజలు కుండలో వేసి రొట్టెల బట్టీలో ఉంచితే, ఆరిపోతున్న ఆ సెగకే మరునాటికి చోలెంట్ అనే వంటకం సిద్ధమయ్యేది. లిథువేనియాలో తన తల్లి బాల్యంలో చూసిన ఆ కుండ కథే నాక్సన్‌కు ఈ ఆలోచన కలిగించింది. 1971లో క్రాక్‌పాట్ అనే పేరుతో వచ్చిన తరువాత అది అమెరికాలో ఇంటింటికీ చేరింది.

సన్నని సెగ వలన లాభమేమిటంటే, కండను ఎముకకు పట్టి ఉంచే కొల్లాజెన్ అనే గట్టి పదార్థం నిదానమైన వేడికి గంటల తరబడి నాని జిలాటిన్‌గా కరుగుతుంది. చల్లారిన రసం జెల్లీవలె పేరుకొనడానికి కారణం ఇదే. కాలి మాంసం వంటి గట్టి భాగం కూడా పళ్ళు లేనివారు చిదుపుకొని తినేంత మెత్తనవుతుంది. ఎముకల నుండి కాల్షియం విశేషంగా రసంలోకి దిగుతుందనే నమ్మకం మాత్రం సరికాదు. దిగేది స్వల్పమే. మాంసకృత్తులలో అధికభాగం కూడా ముక్కలోనే ఉంటుంది. కనుక వడగట్టిన నీరు మాత్రమే తాగించి ముక్కను పారవేయడం అవివేకం.

ఇక బంగాళాదుంప. చరకుడు దుంపలలో ఆలుకాన్ని అహితమైనదిగా పేర్కొన్నాడు కాబట్టి బంగాళాదుంప నిషిద్ధమని వాదించే వైద్యమిత్రులున్నారు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతప్రాంతంలో పుట్టిన ఈ దుంప ఐరోపావారి ద్వారా మన దేశానికి వచ్చింది. చరకుని కాలంలో అది ఇక్కడ లేనేలేదు. ఆయన చెప్పిన ఆలుకం వేరు. బంగాళాదుంపను దాని గుణాన్ని బట్టి చూస్తే గురువు, వాతాన్ని పెంచేది, అయినా పుష్టినిచ్చేది. అల్లం, జీలకర్ర, మిరియాల సహవాసంలో ఆ వాతదోషం తగ్గుతుంది. ఆకుపచ్చబారిన దుంపలను, మొలకలెత్తిన దుంపలను వాడకండి. వాటిలో విషపదార్థం పెరుగుతుంది.

ఆ అమ్మాయి చేత నేను చేయించిన విధానమిది. నల్లి ఎముకతో కూడిన లేత మేక కాలిమాంసం అరకిలో, బంగాళాదుంపలు పావుకిలో. దుంపలను పెద్ద ముక్కలుగా కోసి పాత్ర అడుగున, అంచుల వెంబడి సర్దాలి. ఈ పాత్రలో దుంప మాంసం కంటే ఆలస్యంగా ఉడుకుతుంది. రెండు చెంచాల నేతిలో జీలకర్ర, ఆరు వెల్లుల్లి రేకలు, చిన్న అల్లం ముక్క, గుప్పెడు చిన్నఉల్లిపాయలు, పసుపు వేయించి, అందులో మాంసాన్ని రంగు మారేవరకు తిప్పి దుంపల మీద పరచాలి. పది మిరియాలు, చెంచాడు ధనియాలు కచ్చాపచ్చాగా దంచి గుడ్డలో మూటగట్టి వేయాలి. లీటరు మరిగిన నీరు పోసి, అరచెంచా సైంధవలవణం కలపాలి. సైంధవమైనా ఉప్పు ఉప్పే, రక్తపోటు గలవారికి మినహాయింపేమీ లేదు. "లో" మీద ఎనిమిది గంటలు, "హై" మీద నాలుగైదు గంటలు పడుతుంది. మాటిమాటికి మూత తీసి చూసే అలవాటు మన ఆడవారికి ఉన్నది, నా వంటి వృద్ధులకు అంతకంటే ఎక్కువగా ఉన్నది. తీసిన ప్రతిసారి వేడి పోయి వంట ఆలస్యమవుతుంది.

రోగికి మొదటి రెండు రోజులు నేతివేపు లేకుండా, అల్లం, చిటికెడు ఉప్పుతో మాత్రమే వండి, పైన తేలిన కొవ్వు తీసి, వడగట్టి చిన్న కప్పెడు మధ్యాహ్నం ఆకలి వేళ ఇప్పించాను. మూడవనాడు అందులోనే దుంపను మెదిపి కలిపించాను. అయిదవనాడు మాంసాన్ని నారలుగా చిదిపి చేర్చి, దానిమ్మరసంతో పులుపు పెట్టించాను. మీగడ, పాలు వద్దన్నాను. మాంసం, పాలు ఒకచోట చేరడం మన శాస్త్రంలో విరుద్ధాహారం.

మన ఊళ్ళలో మరొక చిక్కున్నది, అది కరెంటు. వంట నడుమ మీరు ఇంట లేనప్పుడు గంటల తరబడి కరెంటు పోతే ఆ పదార్థాన్ని ఎంత ఖరీదైనదైనా పారవేయండి. గోరువెచ్చని మాంసంలో సూక్ష్మక్రిములు వేగంగా పెరుగుతాయి. గడ్డకట్టిన మాంసాన్ని నేరుగా ఈ పాత్రలో వేయరాదన్నదీ అందుకే. మిగిలిన రసాన్ని రెండు గంటలలోపు వెడల్పు గిన్నెలలో చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. ఈ పాత్ర లేనివారు అడుగు మందమైన గిన్నెలో, గ్యాసు మంట పూర్తిగా తగ్గించి, దగ్గరుండి మూడు గంటలు ఉడికించినా చాలును. పాత్ర కోసం అప్పు చేయనక్కరలేదు.

వాతరక్తం గలవారికి, మూత్రపిండాల వ్యాధి గలవారికి ఇది తగదు. మధుమేహులు దుంప తగ్గించి సొరకాయ వేసుకోవాలి. జ్వరం ఇంకా విడవనివారికి, నాలుక మీద పూత ఉండి ఆకలి లేనివారికి ఈ రసం ఇవ్వవద్దు.

మా మిత్రుడు రెండు నెలలలో అయిదు కిలోలు పుంజుకొని వీధి చివరి గుడివరకు నడుస్తున్నాడు. అమ్మాయి డల్లాస్ వెళ్ళిపోయింది. పాత్ర, ట్రాన్స్‌ఫార్మరు ఇక్కడే ఉన్నాయి. మొన్న వదినగారు ఫోను చేసి, ఆయన ప్రతిరోజూ రసంలో ఉప్పు చాలలేదని గిన్నె తోసేస్తున్నారని ఫిర్యాదు చేశారు. ఉప్పు పెంచవద్దమ్మా, మరో నాలుగు చుక్కలు నిమ్మరసం పిండండి అని చెప్పాను.