గిటార్ మరకకు నెయిల్ పాలిష్ రిమూవరా?

పోయిన వారం ఒకబ్బాయి సెకండ్‌హ్యాండ్‌లో కొన్న గిటార్ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. సన్‌బర్స్ట్ రంగు. సౌండ్‌హోల్ కింద ఎవరో అంటించిన స్టిక్కర్ జిగురు ఉండిపోతే, స్నేహితుడి సలహా విని నెయిల్ పాలిష్ రిమూవర్‌లో ముంచిన దూదితో రుద్దాడు. మరక పోయింది. దాంతోపాటు అరచేయంత మేర పూత లేచిపోయి చెక్క బయటపడింది. అంచుల్లో మెత్తబడిన పూతలో దూది పోగులు ఇరుక్కుపోయాయి, వాటి పక్కనే అతని వేలిముద్ర గట్టిపడిపోయింది. "దూదికి రంగు అంటుతుంటే మురికి వస్తోందనుకున్నాను సార్" అన్నాడు. వచ్చింది గిటార్ రంగే. సన్‌బర్స్ట్‌లో రంగు చాలావరకు పూతలోనే ఉంటుంది.

రిమూవర్ మరకను మాత్రమే తీసి పూతను వదిలేస్తుందన్న మాట ఎక్కడ పుట్టిందో గానీ, గిటార్లను పాడుచేస్తూనే ఉంది. గోళ్లరంగులో పొర కట్టే పదార్థం నైట్రోసెల్యులోజ్. 1920లలో కార్ల రంగుగా పేరు తెచ్చుకుని, తర్వాత గిటార్ల మీదికి వచ్చిన ల్యాకర్‌లో ఉన్నదీ అదే. గిబ్సన్ గిటార్లకు ఇప్పటికీ ఆ పూతే వేస్తారు. దాన్ని కరిగించడానికే తయారైన ద్రవాన్ని దాని మీదే పోస్తే ఏమవుతుంది? పూత మందం ఒకటి రెండు కాగితాలంత. అసిటోన్ లేని రిమూవర్ వాడామంటారు. అందులో సాధారణంగా ఉండే ఇథైల్ అసిటేట్ కూడా ఆ పనే చేస్తుంది.

"నా గిటార్‌కి ఏమీ కాలేదే" అనేవాళ్లు అబద్ధం చెప్పరు. ఈ రోజుల్లో తక్కువ ధర గిటార్లలో ఎక్కువ వాటికి పాలిష్టర్ లేదా పాలియురేథేన్ పూత ఉంటుంది, అది అంత తేలిగ్గా కరగదు. వాళ్ల అదృష్టం పక్కవాడికి సలహా అయిపోయింది. ఆ పూత తట్టుకున్నా, అంచుల చుట్టూ ఉండే ప్లాస్టిక్ పట్టీ, పిక్‌గార్డ్ చాలాసార్లు తట్టుకోవు.

చేత్తో చేసిన క్లాసికల్ గిటార్ల సంగతి వేరు. చాలావాటికి ఫ్రెంచ్ పాలిష్ ఉంటుంది, అంటే లక్క. మన ఏటికొప్పాక బొమ్మలకు మెరుపునిచ్చేదీ లక్కే. అది స్పిరిట్‌లో కరుగుతుంది. శానిటైజర్ తడి ఆరని చేతులతో అలాంటి గిటార్ పట్టుకోకండి.

టూత్‌పేస్ట్ గురించి ఒక్కటి ఒప్పుకోవాలి. నిగనిగలాడే పాలిష్టర్ పూత మీద పైపైన ఉన్న మసక, సన్నటి గీతలు తెల్ల పేస్ట్‌తో మెల్లగా రుద్దితే కొంత తగ్గుతాయి, ఎందుకంటే అందులో సన్నటి గరుకు పొడి ఉంటుంది. నైట్రో మీద, లక్క మీద వద్దు. మ్యాట్ పూత మీద అసలే వద్దు, అక్కడ మెరిసే మచ్చ మిగిలిపోతుంది. నిమ్మరసం వద్దు. కొబ్బరినూనె జిడ్డుగా ఉండి దుమ్ము పట్టిస్తుంది. సిలికాన్ ఉన్న కారు పాలిష్ రాస్తే రేపు రిపేరు పూత సరిగా పరుచుకోదు.

మరి మరక ఎలా తీయాలి? ముందు దాని మీద నోటితో ఆవిరి ఊది, పాత నూలు బనియన్ ముక్కతో తుడవండి. చెమట మరకలు చాలావరకు ఇంతతోనే పోతాయి. పోకపోతే గుడ్డను తడిపి, గట్టిగా పిండి తుడవండి. జిగురుకు, మైనానికి లైటర్‌లో పోసే ఫ్లూయిడ్ రెండు చుక్కలు గుడ్డ మీద వేసుకుంటే చాలు. కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగా కూర్చోండి. స్ట్రాప్ గుండీ పక్కన కనపడని చోట ముందు పరీక్షించండి. గుడ్డకు గిటార్ రంగు అంటితే అక్కడే ఆపేయండి.

రబ్బరు స్టాండు ఆనిన చోట పడ్డ నల్లమచ్చ చాలాసార్లు పూతలోకే దిగిపోయి ఉంటుంది, అది తుడిస్తే పోదు. పాత గిటార్ పసుపెక్కడం వయసు, మురికి కాదు. కొనేటప్పుడే కిటికీ దగ్గర ఏటవాలు వెలుగులో తిప్పి చూసి, ఆ మచ్చలు చూపించి బేరమాడండి.

ఇప్పటికే రిమూవర్ పడి పూత మెత్తబడిందా? ఇంకో గుడ్డతో తుడవకండి, వేలు పెట్టకండి. గిటార్‌ను గాలి తగిలేలా వెల్లకిలా పెట్టి, కనీసం రెండు రోజులు అలాగే వదిలేయండి. గట్టిపడ్డాకే ఎవరైనా బాగుచేయగలిగేది.