పారవేసే ముందు పరీక్షించండి

నెల్లూరు జిల్లా పడమటి మెట్ట ప్రాంతంలో, ఆత్మకూరు చేరువలోని చేజర్ల వంటి గ్రామాల్లో ల్యాప్‌టాప్ ఇప్పుడు విలాస వస్తువు కాదు. డిగ్రీ చదివే ఆడపిల్లకు అదే గ్రంథాలయం. ఉద్యోగానికి దరఖాస్తు చేసే యువకునికి అదే ఆధారం. ఎన్నో నెలలు పొదుపు చేసి కొన్న ఆ వస్తువు ఒకరోజు ఉన్నట్టుండి వెలగకపోతే ఇల్లంతా కలవరపడుతుంది.

గత వేసవిలో మా ఇంట ఇదే జరిగింది. అమ్మాయి పరీక్షలు దగ్గరపడ్డాయి. ఛార్జరు తగిలించి ఉన్నా బ్యాటరీ శాతం తగ్గుతూ వచ్చి, చివరకు తెర చీకటైపోయింది. పట్నంలోని ఒక మరమ్మతు దుకాణానికి తీసుకువెళ్లాము. వారు యంత్రాన్ని విప్పకుండానే మదర్‌బోర్డు పోయిందని, తొమ్మిది వేలు అవుతుందని, దానికంటే వాయిదాల మీద కొత్తది తీసుకోవడమే మేలని చెప్పారు. ఆ వాయిదాలలో వడ్డీ ఉంది. వడ్డీ జోలికి వెళ్లకూడదన్నది మా ఇంటి కట్టుబాటు. "అబ్బా, నా కోసం అప్పు చేయకండి, స్నేహితురాలి ఇంట్లో చదువుకుంటాను" అన్న బిడ్డ మాట విని ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

మరునాడు బంధువుల ఇంటి నుంచి అదే కొలతలు గల ఛార్జరును తెచ్చి తగిలించి చూశాము. ఇరవై నిమిషాలకు దీపం వెలిగింది. చెడిపోయింది మదర్‌బోర్డు కాదు, బ్యాటరీ కూడా కాదు. ఛార్జరు తీగ పిన్ను దగ్గర లోలోపల తెగిపోయింది, అంతే. వార్త విన్నప్పుడు నిజానిజాలు విచారించుకోవాలని హుజురాత్ సూరా మనకు నేర్పుతోంది. ఆ అలవాటు ఇంటి వస్తువుల విషయంలోనూ ఎంత అవసరమో మాకు ఆనాడు అర్థమైంది. మాకు కలిగిన ఇబ్బంది మరొక కుటుంబానికి కలగకూడదనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

గోడ నుంచి మొదలుపెట్టండి

విద్యుత్తు గోడ నుంచి ఛార్జరుకు, ఛార్జరు నుంచి యంత్రానికి, యంత్రం నుంచి బ్యాటరీకి చేరుతుంది. పరీక్ష కూడా అదే వరుసలో సాగాలి. ఖర్చు లేని పరీక్షలు ముందు, ఖర్చుతో కూడినవి చివర.

మొదట ఆ ప్లగ్గులోనే ఫోను ఛార్జరునో, టేబుల్ ఫ్యానునో పెట్టి చూడండి. ఎక్స్‌టెన్షన్ బాక్సును తప్పించి నేరుగా గోడ ప్లగ్గుకే తగిలించండి. తరువాత ఛార్జరు తీగను రెండు చివరలా నిదానంగా పరిశీలించండి. మడత పడేచోట తీగ తెగడం చాలా సాధారణం.

వేరే ఛార్జరుతో పరీక్షించేటప్పుడు దానిపై ముద్రించిన అంకెలు చదవాలి. వోల్టులు పాతదానితో సరిపోవాలి. ఆంపియర్లు పాతదానికి సమానంగా గాని, ఎక్కువగా గాని ఉండాలి. ఉదాహరణకు 19.5 వోల్టులు, 3.34 ఆంపియర్లు అని ఉంటే అది 65 వాట్ల ఛార్జరు. కొన్ని కంపెనీల యంత్రాలు తమ ఛార్జరును గుర్తుపడితేనే బ్యాటరీని నింపుతాయి. గుర్తుపట్టకపోతే యంత్రం నడుస్తుంది గాని ఛార్జింగ్ ఎక్కదు. టైప్-సి రంధ్రం ఉన్న ల్యాప్‌టాప్‌కు తక్కువ వాట్ల ఫోను ఛార్జరు తగిలిస్తే, పనిచేస్తుండగానే శాతం తగ్గిపోవచ్చు. అది లోపం కాదు, చాలని విద్యుత్తు. కొత్త ఛార్జరు కొనేటప్పుడు దానిపై బీఐఎస్ రిజిస్ట్రేషన్ గుర్తు ఉన్నదో లేదో చూడండి.

ఛార్జరు బాగుంటే యంత్రం రంధ్రంలో దుమ్ము చేరిందా, పిన్ను వదులుగా ఆడుతున్నదా అని గమనించండి. అదీ బాగుంటే యంత్రాన్ని ఆపి, ఛార్జరు తీసి, పవర్ బటన్‌ను అర నిమిషం నొక్కి పట్టుకోండి. తిరిగి ఛార్జరు పెట్టి చూడండి. లోపల నిలిచిపోయిన విద్యుత్తు వదిలిపోయి కొన్ని యంత్రాలు మళ్లీ మేల్కొంటాయి. ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆగిపోతుంటే కంగారుపడకండి. బ్యాటరీ ఆయుష్షు పెంచడానికి కంపెనీలు అటువంటి అమరిక ఇస్తున్నాయి.

లక్షణాన్ని బట్టి నిర్ణయం

ఛార్జరుతో చక్కగా నడిచి, తీయగానే ఆరిపోతే దోషం చాలావరకు బ్యాటరీదే. బ్యాటరీపై నడుస్తూ, ఛార్జింగ్ మాత్రం ఎక్కకపోతే ఛార్జరునో, రంధ్రాన్నో అనుమానించాలి. మంచి ఛార్జరు పెట్టి కొంతసేపు ఆగినా ఏ దీపమూ వెలగకపోతేనే మదర్‌బోర్డు మాట ఎత్తాలి.

బ్యాటరీ మార్చాలని ఎవరైనా అంటే బ్యాటరీ రిపోర్టు చూపమని అడగండి. విండోస్ యంత్రాల్లో దానిని ఉచితంగా తీయవచ్చు. తయారైనప్పటి సామర్థ్యం, ఇప్పుడు పూర్తిగా నిండితే ఉన్న సామర్థ్యం అందులో పక్కపక్కనే కనిపిస్తాయి. మొదటిది 40,000 ఉండి, రెండవది 18,000కు పడిపోతే సగానికి పైగా శక్తి పోయినట్టే. అప్పుడు కొత్త బ్యాటరీకి పెట్టే ఖర్చు దుబారా కాదు.

అపాయాన్ని ఉపేక్షించకండి

టచ్‌ప్యాడ్ పైకి లేచినా, మూత సరిగా మూతపడకున్నా, అడుగుభాగం ఉబ్బినా వెంటనే వాడకం ఆపండి. ఉబ్బిన బ్యాటరీని గుచ్చడం, నొక్కడం ప్రాణాంతకం కాగలదు. 2006లో సోనీ తయారుచేసిన బ్యాటరీలు వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉందని డెల్ కంపెనీ దాదాపు 41 లక్షల బ్యాటరీలను వెనక్కు పిలిపించింది. అంత పెద్ద సంస్థలే జాగ్రత్త పడిన చోట మనం నిర్లక్ష్యం చేయరాదు.

లిథియం బ్యాటరీకి వేడి పెద్ద శత్రువు. రోహిణి కార్తె ఎండల్లో యంత్రాన్ని పరుపు మీదా, దుప్పటి మీదా పెట్టి ఛార్జింగ్ చేయకండి. బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేసి నింపాలన్న పాత మాట నికెల్-కాడ్మియం బ్యాటరీల కాలం నాటిది. ఉరుములు మెరుపులు ఉన్నప్పుడు ప్లగ్గు తీసివేయండి.

మరమ్మతు కూడా అమానతే

మన యువకులు ఎందరో మరమ్మతు దుకాణాలతో హలాల్ జీవనోపాధి పొందుతున్నారు. వారికి ఒక విన్నపం. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి, అడుగున తడిని గుర్తించి, అది జనానికి కనిపించేలా పైన ఉంచవలసిందని వర్తకుణ్ణి మందలించిన ఉదంతం సహీహ్ ముస్లింలో ఉంది. విప్పి చూడని యంత్రానికి రోగం పేరు పెట్టడం కూడా అటువంటి మరుగే. లోపాన్ని చూపించి చెప్పండి, మార్చిన పాత భాగాన్ని తిరిగి ఇవ్వండి.

యంత్రం ఇచ్చేవారికీ ఒక మాట. అందులో కుటుంబ చిత్రాలు, ఆడబిడ్డల వ్యక్తిగత విషయాలు ఉంటాయి. ఛార్జింగ్ లోపం సరిచేయడానికి సాధారణంగా పాస్‌వర్డు అవసరం ఉండదు. అడిగితే ఎందుకని ప్రశ్నించండి. వీలైతే ఎదుటనే ఉండి చేయించుకోండి.

పాడైన బ్యాటరీని చెత్తకుప్పలో వేయకండి. నిప్పు రాజుకుంటే గాయపడేది చెత్త ఏరుకునే నిరుపేదలు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు వాటిని సేకరించి శుద్ధి చేయించే బాధ్యతను ఉత్పత్తిదారులపై ఉంచాయి. కనుక కొన్న దుకాణంలో గాని, కంపెనీ సర్వీసు కేంద్రంలో గాని అప్పగించండి. ఇతరులకు హాని కలిగించకపోవడం మన ధర్మశాస్త్రంలో మూలసూత్రం.

మా ఇంటి ల్యాప్‌టాప్‌కు కొత్త ఛార్జరు పదిహేను వందలలో వచ్చింది. వడ్డీ వాయిదా మా గడప తొక్కలేదు. అమ్మాయి తన బల్ల దగ్గరే కూర్చుని చదువుకుని పరీక్షలు రాసింది. అల్‌హందులిల్లాహ్.